వెనక్కి వెళ్ళే తీగ

వీరభద్రం వచ్చేసరికి యాకూబ్ సాబు రేకుల పంచలో కూర్చుని, టీ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. కొత్తగూడెంలో రేడియో పని తెలిసినవాళ్ళలో సగం మంది ఆ పంచలో నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళలో మొనగాడు వీరభద్రం. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు అతనికే తెలుసు.

ఆవేళ మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"సుగుణ పోయింది ఉస్తాద్. ఇల్లెందులో వాళ్ళమ్మ దగ్గరున్నది. ఇంక రానంటున్నది."

"ఎందుకట?"

"నేను మారిపోయిన్నట. మునుపటి మనిషిని కాదట. తాగుతనా, కొడతనా? పెళ్ళైననాడు ఎట్లున్ననో ఇప్పుడూ అట్లనే ఉన్న. మీరొకసారి వచ్చి ఆమెకు చెప్పాలె. మీరంటే ఆమెకు గురి."

అతను అబద్ధమాడటం లేదు. అట్లనే ఉన్నానని మనసారా నమ్ముతున్నాడు. ఇలాంటి మొగుళ్ళతో చిక్కే అది.

యాకూబ్ సాబు సాసరు పక్కన పెట్టాడు. "నువ్వు కొత్తగా బిగించిన ఎఫ్.ఎం. సెట్టు ఎట్లున్నది?"

తానొకటి అడిగితే ఉస్తాద్ ఇంకొకటి అడుగుతున్నాడని వీరభద్రానికి చిరాకేసింది. అయినా సెట్టు పేరెత్తేసరికి నోరు ఆగలేదు.

"గంట కొట్టినట్టు పలుకుతున్నది ఉస్తాద్. అందులో నేను వెనక తీగ కలపనేలేదు."

ఎఫ్.ఎం. వచ్చిన కొత్త రోజులవి. సెట్టు లోపల ఒక సన్నని కంపనం నడుస్తూ ఉంటుంది. స్టేషను దొరికేది దాని ఆసరాతోనే. వేడి తగిలితే ఆ కంపనం తన చోటి నుంచి కొద్దికొద్దిగా జరుగుతుంది. అందుకని, మాట విడివడి బయటికొచ్చే చోటి నుంచి ఒక తీగను వెనక్కి తీసుకెళ్ళి దానికి కలుపుతారు. ఎటు జరిగిందో, ఎంత జరిగిందో ఆ తీగ చేరవేస్తుంది. కంపనం దానంతటది సర్దుకుంటుంది. బజారులో దాన్ని ఎ.ఎఫ్.సి. అంటారు. యాకూబ్ సాబు పంచలో మాత్రం అది వెనక తీగే.

"పని రానోళ్ళకు కావాలె ఆ తీగ," అన్నాడు వీరభద్రం. "నేను చుట్టిన రాగి చుట్టల కంపనం జరగదు."

"తీసుకొచ్చి ఇక్కడ పెట్టు."

వీరభద్రం సెట్టు తెచ్చి, స్టేషను పట్టి, బల్ల మీద పెట్టాడు. ఎవరో ఆవిడ పత్తికి పట్టే పురుగు గురించి చెబుతోంది. మాట తేటగా ఉంది. యాకూబ్ సాబు తల ఊపాడు.

"బాగున్నది. ఇంక స్టేషను తిప్పే మీట ముట్టకు. నేనొచ్చేదాక ఇక్కడనే కూసోని విను."

"మరి ఇల్లెందు?"

"వచ్చినంక చూద్దాం."

ఆయన మార్కెట్టుకు వెళ్ళి, అటునుంచి అటే మధ్యాహ్నం నమాజుకు వెళ్ళాడు. ఎండాకాలంలో కొత్తగూడెం సంగతి చెప్పేదేముంది, పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. వీరభద్రం చెమట తుడుచుకుంటూ వింటూనే ఉన్నాడు. పురుగు మందుల మాటలు అయిపోయాయి, పాటలు వచ్చాయి, వార్తలు మొదలయ్యాయి. అతను లేవలేదు, మీట ముట్టలేదు. ఒప్పుకున్న మాట తప్పే మనిషి కాదు, అది మాత్రం అతని మంచిగుణమే.

తిరిగొచ్చిన యాకూబ్ సాబు పంచ మొదట్లోనే ఆగాడు.

"ఏందా గరగర?"

"గరగర యాడిది ఉస్తాద్? పొద్దుటి సంది ఇట్లనే ఉన్నది. నేను ఇక్కడనే ఉన్నగా!"

యాకూబ్ సాబు చెప్పులు విడిచి వచ్చాడు. మీటను వేలితో కాస్త తిప్పాడు. వార్తలు చదివే ఆయన గొంతు కడిగినట్టు తేటగా వచ్చింది. మళ్ళీ ఉన్న చోటికే తిప్పాడు. "స" అన్నచోటల్లా ఇసుక నమిలినట్టు, మాట వెనకాల బుస్సుమనే రొద.

వీరభద్రం సెట్టు వంక చూశాడు. ఆ చెవులతోనే కదా ఇంతసేపూ విన్నాడు!

"ఎప్పుడు జరిగింది ఇది?" అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియకుండా.

 యాకూబ్ సాబు డబ్బాలోంచి జానెడు తీగ తీశాడు. టంకం కడ్డీ కాల్చి, సెట్టు వెనక ఒకచోట ఒక కొస, ఇంకోచోట ఇంకో కొస అతికించాడు. మీట జోలికే పోలేదు. గరగర మెల్లగా అణిగిపోయింది. వార్తల ఆయన మళ్ళీ మనిషిలా మాట్లాడాడు.

 "ఇంక జరగదా ఉస్తాద్?" అన్నాడు వీరభద్రం.

"ఎందుకు జరగదు? ఎండకు ఏదైనా జరుగుతది." యాకూబ్ సాబు టంకం కడ్డీ పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. "జరిగినవ్ అని చెప్తే వింటది. గంతే."

వీరభద్రం వంగి ఆ తీగను చూశాడు. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా భయమేసింది, ఎన్నాళ్ళనుంచి ఇట్లా పలుకుతున్నానో అని. తరువాత లేచి చొక్కా సర్దుకున్నాడు. ఉస్తాద్‌ను తోడు రమ్మని మళ్ళీ అడగలేదు.

ఇల్లెందులో బస్సు దిగేసరికి ఎండ వాలుతోంది. సుగుణ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. అతన్ని చూసినా చేట ఆపలేదు.

"యాకూబ్ సాబును పంపిస్తవనుకున్న," అంది.

"నేనే వచ్చిన." వీరభద్రం అరుగు కింది మెట్టు మీద కూర్చున్నాడు. "నేను మారిన్నంటివి గదా. ఎట్ల మారిన్నో చెప్పు."

సుగుణ చేట ఆపింది. అతని మొహంలోకి చూసింది. ఎగతాళి కోసం వెతికింది, దొరకలేదు. మెల్లగా అంది.

"నా పేరు పెట్టి పిలుచుడు బందు చేసినవ్. ముందుగాల అది."

అదేం లేదని అనబోయాడు. నోరు తెరిచాడు కూడా.

మూసుకుని, "ఇంకా?" అన్నాడు.