లస్మవ్వ బట్టలుతికిన బండ

రాళ్లను పరిశీలించడానికి మా ఊరొచ్చిన గోవర్ధనం సారుకు వాటిని నాలుకతో తాకి చూసే అలవాటుంది. మామూలు రాయి నాలుకకు అంటదు, రాయిగా మారిన పాత ఎముక అయితే అంటుకుంటుంది. ఈ సంగతి ఆయన చెప్పేవరకు మాకు తెలియదు. అప్పటికే మా సర్పంచి, పాపం ఆకలి మీదున్నాడనుకుని, రెండు నెలలు ఆయనకు భోజనం పంపాడు. సారు వద్దనలేదు.

ప్రాణహిత నది ఒడ్డున మా చేలల్లో రాక్షసబల్లి ఎముకలు బయటపడింది ఆ నాలుక వల్లనే. ఒక్క కుడి తొడ ఎముక మాత్రం దొరకలేదు. చివరికి అది లస్మవ్వ పెరట్లో తేలింది. ఆమె అత్తకు అత్త కాలంలో బావి తవ్వితే వచ్చిన పొడవాటి బండ అది. అప్పటినుంచి ఆ ఇంటి ఆడవాళ్లు దాని మీదే బట్టలుతుకుతున్నారు. సారు సబ్బు నురగైనా తుడవకుండా నాలుక ఆనించాడు. లస్మవ్వ బదులుగా గ్రానైటు బండ తీసుకుని దాన్ని ఇచ్చేసింది. కొత్తది జారుతుందని ఇప్పటికీ తిడుతుంది. ఆ వారం మా ఊళ్లో ప్రతి గడప రాయీ తడిసింది. సొంత రుబ్బురోలును నాకినాయన పేరు చెప్పను, వార్డు మెంబరు.

ఆ ఎముకల కోసం లస్మవ్వ ఇంటి పక్కనే కట్టిన మ్యూజియం తెరవడానికి ముందు రోజు సారు శిష్యురాలు నీలవేణి ప్లాస్టరు కలిపిన గిన్నెతో వచ్చింది. అస్థిపంజరాన్ని నిలబెట్టే పని ఆమెది. అది అధికారులకు నచ్చితేనే ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. తొడ ఎముక నడుమ చూస్తే, తరతరాలు బట్టలుతికి అరిగిన చోట నాలుగు వేళ్లు మునిగేంత గుంట.

"సార్, ఈ గుంట పూడ్చి రంగు వేసేస్తాను. చూసేవాళ్లకు జంతువు కనపడాలా, చాకిరేవు కనపడాలా?"

సారు గోడ అవతలే ఉన్న లస్మవ్వను కేకేశాడు. ఆమె తడి చేతులతోనే వచ్చింది. ఎవరూ పిలవకపోయినా వెనక మేమూ పదిమందిమి వచ్చాం.

నిటారుగా నిలబడి ఉన్న తన బండను లస్మవ్వ వెంటనే గుర్తుపట్టింది. గుంటలో చెయ్యి పెట్టింది. చెయ్యి అందులో సరిగ్గా ఇమిడింది. ఆ తర్వాత తలెత్తింది. తొడ మీద నడుము, నడుము నుంచి ఎడ్లబండి దూరేంత పక్కటెముకల గూడు, అక్కడినుంచి మెడ. ఆ మెడ పోయి పోయి పైకప్పు దూలాలను అందుకుని, చోటు చాలక వంగి, మా వైపు చూస్తోంది. మేము పదిమందిమీ తలలెత్తి చూస్తూ ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకున్నాం. లస్మవ్వ మామగారి ఎదుట నిలబడ్డట్టు కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"గిన్నేండ్లు దీని కాలు మీదనా నేను బట్టలుతికింది?" అంది మెల్లగా. "ఒక్కపారి గూడ తన్నలే గదనే, నీలవేణీ!"

ముసలివాళ్ల కాళ్లు ఒత్తినట్టు ఆ గుంటను ఆమె నిమురుతూ ఉండిపోయింది.

పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందటి ప్రాణి అని, నదులు దారి మార్చుకున్నా చెక్కుచెదరలేదని నీలవేణి వారం రోజులుగా మాకు పాఠం చెబుతోంది. ఇప్పుడు ఆమే లస్మవ్వ పక్కన గుంటలో చెయ్యి పెట్టి, పాఠం మరిచిపోయినదానిలా నిలబడింది. గిన్నెలో ప్లాస్టరు గడ్డకట్టింది.

"రేపు అధికారులు అడిగితే ఏం చెప్పను సార్?"

సారు జేబులోంచి కొలత టేపు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కొలతలు చెప్పు తల్లీ. ఎముక పొడవు," అని ఆగి, "గుంట లోతు కూడా," అన్నాడు.