ఒక్క గురివింద గింజ

పూర్వం మొగలిపేటలో ఊరిపెద్దను జనమే ఎన్నుకునేవారు. పదవిలో ఉన్న గజపతి నాయుడే మళ్లీ కావాలనుకుంటే కుండలో గురివింద గింజ వెయ్యాలి. వైద్యుడు కామేశం కావాలంటే చింతగింజ వెయ్యాలి. ఎప్పుడూ తూర్పు వీధివాళ్లు నాయుడికి వేసేవారు, పడమటి వీధివాళ్లు ఎదుటివాడికి వేసేవారు. కానీ ఆ ఏడు నాయుడు ఊరి మంచినీళ్ల బావికి తాళం వేసుకున్నాడు. దాంతో రెండు వీధులూ ఒక్కటయ్యాయి.

నాయుడి వాకిట్లోనే కుండ బోర్లించి లెక్కపెట్టారు. మూడువందల చింతగింజలు, ఒకే ఒక్క గురివింద!

నాయుడు మండిపడ్డాడు. "నాకు వెయ్యనివాళ్లంతా ఇప్పుడే ఊరొదిలి పోవాలి!"

జనం బిక్కచచ్చిపోయారు. బుట్టలల్లే నూకాలు మాత్రం ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "చిత్తం దొరా, పోతాం. ఆ ఒక్క గింజ ఎవరిదో చెప్తే, వాళ్లని మీకు తోడుగా ఉంచి వెళ్తాం."

"ఎవరిదేమిటే? నాదే!"

"అయితే అమ్మగారు కూడా మాతోనే వస్తారన్నమాట!"

నాయుడు గిర్రున తిరిగి చూశాడు. భార్య అప్పటికే మూట చంకన పెట్టుకుని గుమ్మం దిగుతోంది. ఆవిడ వెనకాలే వంటవాడు, కావలివాళ్లు! ఊరు ఊరంతా తిరునాళ్లకు వెళ్లినట్టు నవ్వుకుంటూ కదిలింది.

మధ్యాహ్నానికి నాయుడికి ఆకలి నకనకలాడింది. పొయ్యి వెలిగించేవాళ్లే లేరు. జారిపోతున్న తలపాగా పట్టుకుని, పొలిమేర దాకా పరుగెత్తాడు.

"ఆగండర్రా! ఆ గురివింద ఎవరు వేశారో గానీ, నేనూ కామేశానికే వేశాను!"