గంగులమ్మ దాచిన మూడు ముద్రలు

అనగా అనగా, ఈ కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, కొయ్యలమడుగు అనే ఊరుండేది. ఆ ఊళ్లో గంగులమ్మ అని ఒకామె. అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్లు కుట్టి అమ్ముకుని బతికేది.

ఆకులు కోసి అలసినప్పుడు చెట్టుకింద కూర్చుని కొయ్యముక్క మీద బొమ్మ చెక్కేది. ఒకసారి నెమలిని చెక్కింది. ఒకసారి తాబేలును చెక్కింది. ఒకసారి ఉడుతను చెక్కింది. ఒక్కోదాన్నీ వెదురు గొట్టంలో పెట్టి, పక్కన ఎర్రటి జేగురుపొడి పొట్లం పెట్టి, మూత బిగించి అడవిలో దాచింది. ఎక్కడ దాచిందో పాట కట్టి ఊళ్లో పాడింది.

"దొరికితే పొడి తడిపి, బొమ్మకు పూసి, బట్ట మీద ముద్ర వేసుకోండి. మళ్లీ అక్కడే పెట్టి రండి," అనేది.

ఊరిపెద్ద రామినీడు నవ్వేవాడు. "పనీపాటా లేదటే గంగులూ?"

"అడవిలోకి రావడానికి మనిషికి ఓ వంక ఉండాలి కదయ్యా," అనేది.

ఒక ఏడు వాగు పొంగి బండిబాట కొట్టుకుపోయింది. ఆ వారమే ఊరికి విషజ్వరం పట్టుకుంది. రామినీడు కూతురు కళ్లు తెరవడం లేదు. వైద్యుడేమో అడవికి అవతలి ఊళ్లో. ముగ్గురు బయల్దేరారు. ముగ్గురూ దారి తప్పి తిరిగొచ్చారు. గంగులమ్మ పోదామంటే కాలు విరిగి కట్టుతో ఉంది.

రామినీడు ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. "గంగులమ్మా, దారి చెప్పు తల్లీ."

"చెబితే గుర్తుండదయ్యా. పాట నేర్చుకోండి."

ఊరిపెద్ద నేలమీద కూర్చుని పాట నేర్చుకున్నాడు.

"జంటబండల సందున నెమలుంది చూడు,
ఊటనీటికి ఎడమన తాబేలుంది చూడు,
వంగిన మద్ది తొర్రలో ఉడుతుంది చూడు,
ఉడుత దాటితే ఊరుంది చూడు."

ఆయన వెళ్లాడు. గంగులమ్మ గుమ్మంలో కూర్చుని అడవి వైపే చూసింది. ముద్రలు వానకు కొట్టుకుపోయి ఉంటే? కోతులు ఎత్తుకుపోయి ఉంటే? ఎలుగుబంటి పీకి పారేసి ఉంటే? ఆటకని దాచినవాటి మీద ఇప్పుడు ఊరి ప్రాణం ఉంది.

మూడోనాటి పొద్దున రామినీడు వచ్చాడు. వెనక మందుల సంచితో వైద్యుడు. రామినీడు తెల్లటి పైపంచె మీద ఎర్రగా నెమలి, తాబేలు, ఉడుత.

"మూడూ దొరికాయమ్మా! తీసినచోటే పెట్టి వచ్చాను," అన్నాడు.

గంగులమ్మ పంచె కొంగు పట్టుకుని చూసింది. కళ్లు మెరిశాయి. "ఉడుత తోక ఎంత బాగా పడిందయ్యా!" అంది.

పిల్ల బతికింది. ఊరు బతికింది. రామినీడు ఆ పంచెను ఉతకనివ్వలేదు. నలుగురు చేరినచోటల్లా భుజాన వేసుకుని, "ఇది మా గంగులమ్మ వేసిన బాట," అని చెప్పుకునేవాడు.

గంగులమ్మ పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. కొయ్య పుచ్చితే కొత్తది చెక్కుతారు. వెదురు విరిగితే కొత్తది కోస్తారు. వానలు వెనకబట్టగానే ఆడా మగా తెల్లగుడ్డలు పట్టుకుని, పాట పాడుకుంటూ అడవిలోకి పోతారు. ముద్ర దొరికినవాళ్లు తమ చేత్తో చెక్కిన ఇంకోదాన్ని కొత్తచోట దాచి, దానికో చరణం కడతారు. ఇప్పటికి ఆ పాట పాడటానికి ఒక పూట పడుతుంది. పొరుగూరివాళ్లు "మీదే ఊరు?" అని అడిగితే, కొయ్యలమడుగు వాళ్లు నోటితో చెప్పరు. గుడ్డ విప్పి చూపిస్తారు.