ముందు అమ్మ ఎక్కింది

మధ్యాహ్నం మూడు దాటింది. సన్నగా తుంపర పడుతోంది. అనగనగా ఒక కొండ అడవిలో, ఘాట్ రోడ్డు పిట్టగోడ మీద ఒక కోతి కుటుంబం కూర్చుని ఉంది.

తల్లి పేరు కొండమ్మ. పిల్లలు పిందె, రెమ్మ, చిగురు. పేర్లే చిన్నవి. పిల్లలు మాత్రం గుమ్మడికాయల్లా ఉండేవారు.

బస్సులవాళ్లు బిస్కెట్లు, చిప్సు విసిరేవారు. తండ్రి పొట్లాలు చింపేవాడు. నానమ్మ పిల్లల నోట్లో పెట్టేది. చాలంటే, నా కోసం ఇంకొక్కటి అనేది. చెట్టెక్కాలంటే కొండమ్మ వీపుంది. చంటివాళ్లే కదా అనుకుంటూ మోసేది. చిగురు ఆమెకంటే బరువు.

ఆ తుంపరలోనే చిరుతపులి దిగింది.

కొండమ్మ వంగింది. ముగ్గురూ ఒకేసారి వీపెక్కారు. ఆమె చతికిలబడింది. లేచి, ఒక్కొక్కరినీ గోడ పక్కనున్న నేరేడు చెట్టు మీదికి నెట్టింది. పిందె జారి రెమ్మ మీద పడింది. రెమ్మ జారి తండ్రి మీద పడింది. తండ్రి నానమ్మ తోక పట్టుకుని వేలాడాడు. చిరుత పంజాకు చిగురు తోక వెంట్రుకలు చిక్కాయి. అంతలో బస్సు హారన్ మోగింది. చిరుత తుప్పల్లోకి దూకింది.

మర్నాడు కొండమ్మ చిప్సు నములుతూ, ఇకనుంచి పిల్లలు చెట్టెక్కి పళ్లు కోసుకోవాలని చెప్పింది.

“మరి నువ్వో?” అన్నాడు చిగురు.

కొండమ్మ నమలడం ఆపింది. పొట్లం పక్కన పెట్టింది.

“ముందు నేనెక్కుతా. అందరూ రండి.”

పిల్లలు చిక్కిపోతే నలుగురూ తననే అంటారని నానమ్మ సణిగింది.

“అత్తయ్యా, పిల్లలు ముద్దుగా ఉన్నారని నిన్న చిరుత కూడా అనుకుంది” అంది కొండమ్మ.

నానమ్మ గోడ దిగింది.

తండ్రి మొదటి కొమ్మకే ఆయాసపడ్డాడు. పిల్లలు కింద నుంచి తలతో పొడిచారు. నానమ్మ రెండో కొమ్మ దాకా పాకి, అక్కడే కునుకు తీసింది. నవ్వి నవ్వి పిందెకు ఎక్కిళ్లు వచ్చాయి. అలా రోజూ ఎక్కారు, రోజూ పడ్డారు. మెల్లగా పడడం తగ్గింది. పళ్లకంటే, ఎవరు ముందెక్కుతారనే పందేలే రుచిగా అనిపించాయి. నానమ్మ పందెంలో దొంగాట ఆడేది.

నేరేళ్లు అయిపోయే వేళకు చిరుత మళ్లీ వచ్చింది. కొండమ్మ కేక వేసేలోపే పిల్లలు చిటారు కొమ్మల్లో ఉన్నారు.

“అమ్మా, నీదే ఆలస్యం” అంది రెమ్మ.

కొమ్మ నుంచి కొమ్మకు, వాగు మీదుగా అవతలి గట్టుకు అందరూ దూకారు. సన్న కొమ్మలు తన బరువు ఆపక చిరుత ఇవతలే మిగిలింది.

పడుకునే చెట్టు దగ్గర కొండమ్మ ఒక్కొక్కరినీ తాకి చూసుకుంది. పిందె. రెమ్మ. చిగురు. వాళ్ల నాన్న. అత్తయ్య. అందరూ వచ్చారు.

నీతి: ఇల్లంతా కూర్చుని తింటూ పిల్లల్ని మాత్రం పరిగెత్తమంటే పరిగెత్తరు, పెద్దలు ముందు కదిలితే పిల్లలు వాళ్లను దాటి పోతారు.