అడవంతా చుట్టాలే అన్న నక్క

ఏటి ఒడ్డు అడవిలో జంతువులకొక సభ ఉండేది. ఒక్కో పేట నుంచి ఒక్కో సభ్యుడు. వెదురుపొదల పేటకు ఎన్నికలొచ్చినప్పుడు గుంటనక్క నిలబడింది. నక్కకు ఓటేసే వెర్రివాళ్లెవరు? ఆ సంగతి దానికీ తెలుసు. అందుకే గడపగడపకూ తిరిగి వరసలు కలిపింది.

"అత్తా! మా అమ్మ మీ ఇంటి ఆడపడుచే," అంది కుందేలుతో.

"మరి నీ చెవులింత పొట్టిగా ఉన్నాయేం నాయనా?"

"జనం కష్టాలు విని విని అరిగిపోయాయత్తా!"

అడవిపందిని బాబాయ్ అంది, నెమలిని పిన్నీ అంది. కౌజుపిట్ట దగ్గరైతే కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. "చెల్లీ, మేనమామను నేనుండగా నీ పిల్లలకేం భయం?"

ఓట్లు రాలాయి. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కదా, గెలవగానే సభ చేత ఒక చట్టం చేయించింది. గుడ్లు పెట్టే కాలంలో గూళ్ల కాపలా సభ్యుడిదే, ఇంకెవరూ అటు తొంగి చూడకూడదు. కౌజుపిట్ట మేతకెళ్లి వచ్చేసరికి గూడు ఖాళీ! కంచే చేను మేసిందని దానికి తెలుసు, చూసినవాళ్లు లేరు. మళ్లీ గుడ్లు పెట్టింది. ఇవీ పోతే ఆ ఏటికి పిల్లల్లేనట్టే. ఏడుస్తూ ముళ్లపంది వకీలు దగ్గరకు పోయింది.

"సాక్ష్యం లేదు బాబాయ్."

"దాని నోరుందిగా తల్లీ, అది చాలు. నడు."

న్యాయమూర్తి ఎలుగుబంటి ముందు నక్క కాలెత్తి ప్రమాణం చేసింది. "అయ్యా, ఈ అడవిలో ప్రతి ఇల్లూ నా చుట్టాలిల్లే. సొంత మేనకోడళ్లను తింటానా?"

"ప్రమాణం చేసి అబద్ధమాడితే అడవి విడిచి పోవాలి. తెలుసుగా?"

"తెలుసయ్యా."

ముళ్లపంది వినయంగా లేచింది. "గుడ్ల గొడవ అలా ఉంచండి. నిన్న కుందేలువారి ముసలమ్మ పోయింది. మన అడవిలో వరసైన ప్రతివాడికీ మైలే. మైలపడ్డవాడు సభలో కూర్చోడు, గూళ్ల దగ్గరికి పోడు, నీచు ముట్టడు. పాపం, నక్కగారికి దుంపలే గతి."

నక్క తలూపింది. "ఆచారం ఆచారమే. కొన్నాళ్లు ఓపిక పడతాను."

"కొన్నాళ్లా?" చెట్టుకొమ్మ మీంచి రాబందు నవ్వింది. "అడవిపందుల తాత ఇవాళో రేపో అన్నట్టున్నాడు. నెమళ్లింట్లోనూ ఒకరికి బాగాలేదు. చావు కబుర్లు నాకంటే ఎవరికి తెలుసు? ఇంతమంది చుట్టాలున్నవాడికి మైల తీరడమా!"

అడవిపంది జాలిపడి దుంప ఒకటి ముందుకు తోసింది. "తిను అబ్బాయ్, మట్టి దులిపే తెచ్చాను."

నక్క కొరికింది. మింగలేక కక్కలేక నిలబడింది.

"అయ్యా, కుందేళ్లతో మరీ అంత దగ్గర చుట్టరికం కాదులెండి."

"పందులతో?" అడిగింది ముళ్లపంది.

"ఏదో మాటవరసకు బాబాయ్ అన్నాను."

"నెమళ్లతో?"

"నక్కకీ నెమలికీ చుట్టరికమా! బుద్ధున్నవాళ్లెవరైనా నమ్ముతారా?"

"నేను నమ్మానురా!" చివాలున లేచింది నెమలి.

"మరి కౌజుపిట్టతో?"

నక్క మిగిలిన దుంప వంక చూసింది. ఇక ఆగలేకపోయింది. "ఎవరితోనూ లేదు! నాకెవరూ చావలేదు! నేను మాంసమే తింటాను!"

ఎలుగుబంటి తీరిగ్గా వీపు గోక్కుంది. "గుడ్లు తిన్నావో లేదో నాకింకా తేలలేదు. ప్రమాణం మాత్రం అబద్ధమని నీ నోటే తేలింది. సభ్యత్వం పోయింది, అడవీ పోయింది. ఏట్లోకి దిగు."

నడుం లోతు నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ పోతున్న నక్కను చూసి కుందేలు గట్టు మీంచి కేకేసింది. "అల్లుడూ, ముసలమ్మ దినానికైనా రావూ?"

నక్క వెనక్కి చూడలేదు. కౌజుపిట్ట అప్పటికే గూడు చేరి, రెక్కలు పరిచి గుడ్ల మీద కూర్చుంది.

నీతి: ఓటు కోసం వరస కలిపినవాడు మైల కూడా పట్టాలి.