నిండుకున్న బియ్యం

నేను ఇదివరకెప్పుడూ ఏదీ రాయలేదు. గవరమ్మ సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఒక రాజ్యంలో కరువొచ్చింది. బియ్యం లేని ఇంటికల్లా రెండేసి కుంచాలు ఇమ్మని రాజుగారు ఒక అధికారిని బళ్ళతో పంపారు. ఆ అధికారికేమో పంచడం కంటే మిగుల్చుకోవడం ఇష్టం.

గవరమ్మ కూలి మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. "ఇంట్లో బియ్యం ఉన్నాయా?" అని అధికారి అడిగాడు. లేవు అనే మాట ఆడవాళ్ళ నోట రాకూడదు కదా, అందుకని "నిండుకున్నాయండి" అంది.

"నిండుగా ఉంటే మళ్ళీ నీకెందుకు?" అంటూ తాటాకు మీద అలాగే రాసి రాజముద్ర వేశాడు. వీధిలో అన్ని ఇళ్ళకీ అదే రాత.

గవరమ్మ వాదించలేదు. "పొద్దెక్కింది, భోంచేసి వెళ్ళండి బాబూ" అంది. మాటవరసకి అందరూ అనేదే. ఆయన మాత్రం పదిమంది భటులతో వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నాడు.

ఎంతసేపటికీ అన్నం రాలేదు. ఆయన లేచి కుండలోకి చూశాడు.

"ఇంట్లో గింజ లేకుండానే పిలిచావా?"

"గింజ లేదని తమరే అన్నారు బాబూ, భటులు కూడా విన్నారు. మరి నిండుగా ఉన్నాయని ముద్ర వేశారే, రాజుగారికి ఏది చెప్పమంటారు?"

ఆయన తాటాకు చించేశాడు. సాయంత్రంలోగా వీధంతటికీ కొలిపించాడు.

మర్నాడు తెల్లవారగానే గవరమ్మ అన్నం వార్చి, పిల్లలకి పెట్టి, గంజిలో ఉప్పేసుకుని, చాలా రోజుల తర్వాత తనూ కడుపునిండా తాగింది.