జలుబు చేసిన మెట్టు

భీమిలి సముద్రం ఒడ్డున జయానందం అని ఒక పియానో విద్వాంసుడు ఉండేవాడు. బాణీలు కట్టడంలో ఆయనకు ఆయనే సాటి, కానీ వంక లేకుండా కుదిరిందని తనకు తోచేదాకా దేన్నీ ఎవరి చెవినా పడనిచ్చేవాడు కాదు.

పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. పండగలకు చర్చిలో వాయించేవాడు. అవన్నీ ఇతరులు కట్టినవి. తను కట్టినవి మాత్రం తలుపు మూసుకుని సాధన చేసుకునేవాడు. వాటిలో ఒకటి భార్య రాహేలు కోసం కట్టిన పాట. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాడు. కూతురు కరుణ కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా అది ఇంకా ఆ తలుపు వెనకే ఉండిపోయింది.

"ఏవండీ, నా పాట నాకెప్పుడు వినిపిస్తారు? మీ పక్కన కుర్చీ వేసుకుని వినాలని ఉంది" అనేది రాహేలు.

"ఈ పియానో మీదా? శ్రుతి తప్పి ఏడుస్తోంది. మద్రాసు నుంచి పరంజ్యోతిని రానీ, అప్పుడు విందువుగాని" అనేవాడు ఆయన.

పరంజ్యోతి పియానోలు శ్రుతి చేసే మనిషి. ఏటా వానలు వెనకబట్టాక వచ్చి, తీగలు బిగించి వెళ్ళేవాడు. ఆ వారమంతా పియానో బ్రహ్మాండంగా పలికేది. సరే, అప్పుడైనా వాయించొచ్చు కదా? అబ్బే! అప్పుడు ఆయనకు పాటలోనే ఏదో లోపం కనిపించేది. దాన్ని దిద్దుకునేలోగా ఉప్పుగాలి తగిలి తీగలు మళ్ళీ వదులయ్యేవి. అన్నిటికంటే ముందు, వేళ్ళతో నొక్కే మెట్లలో నడిమిది ఒకటి స్వరం జారి, ముక్కుతో పలికినట్టు పలికేది. "పాపం, దానికి జలుబు చేసిందండీ" అని రాహేలు నవ్వేది. ఆయనకు మాత్రం ఒళ్ళు మండేది.

ఒక ఏడాది వానల్లో రాహేలుకు జ్వరం పట్టుకుంది. మందులు వాడుతున్నా మనిషి రోజురోజుకీ నీరసించిపోయింది. ఒక సాయంత్రం మంచం మీద లేచి కూర్చుంది.

"ఇవాళ వాయించండి. ఎలా ఉన్నా సరే" అంది.

జయానందం లేచాడు. పియానో దాకా వెళ్ళాడు కూడా. మూత తీసి ఆ మెట్టు నొక్కి చూశాడు. అది ముక్కుతో మూలిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ దిక్కుమాలిన శ్రుతిలో నీ పాట వాయించనా? పరంజ్యోతి వచ్చే వారమే వస్తున్నాడు. కాస్త ఓపిక పట్టు, రాహేలూ."

"పడతాను లెండి. ఇన్నాళ్ళూ పట్టలేదూ?" అందామె. అటు తిరిగి పడుకుంది.

పరంజ్యోతి చెప్పిన రోజుకే వచ్చాడు. రాహేలే ఆగలేకపోయింది. ఆమెను సమాధి చేసి అప్పటికి రెండు రోజులు.

పరంజ్యోతి తీగలన్నీ బిగించి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. జయానందం తలుపు బార్లా తెరిచాడు. పక్కన కుర్చీ వేశాడు. రాహేలు పాటను మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. ఒక్క వంక లేదు. ఏం లాభం? అది ఎవరింట్లోనో మోగుతున్న పాటలా ఉంది.

అంతలో పెరట్లోంచి కూనిరాగం వినిపించింది. కరుణ బట్టలు ఆరేస్తూ అదే పాట పాడుకుంటోంది. నడుమ ఒకచోట స్వరం కిందికి జారింది. జయానందం గబగబా పెరట్లోకి వెళ్ళాడు.

"ఈ పాట నీకెలా వచ్చిందమ్మా? అక్కడ స్వరం తప్పింది కూడానూ."

"అమ్మ పాడేది నాన్నా. నువ్వు తలుపు మూసుకుంటే ఇవతల పీట వేసుకుని, కూరలు తరుక్కుంటూ వినేది. మొత్తం వచ్చేసింది అమ్మకి. అది తప్పు కాదు, జలుబు చేసిన మెట్టు. అక్కడికి రాగానే అమ్మ నవ్వేది."

"మొత్తం వినేసిందా! మరి అన్నిసార్లు ఎందుకడిగింది?"

"పాట కోసం కాదు నాన్నా. నీ పక్కన కూర్చోవడం కోసం."

జయానందం అక్కడే గట్టు మీద కూలబడి భోరుమన్నాడు. తేరుకున్నాక పరంజ్యోతి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాడు.

"ఆ మెట్టును మళ్ళీ ఎప్పటిలా చెయ్యవయ్యా" అన్నాడు.

పరంజ్యోతి తీగ వదులు చేశాడు. జయానందం మెట్టు నొక్కి చూశాడు. కాదు. ఇంకాస్త వదిలాడు. అదీ కాదు.

"వదులు చెయ్యడమైతే చేశాను సార్. ఆ పలుకును తెచ్చింది ఉప్పుగాలి. నావల్ల కావట్లేదు" అన్నాడు.

ఆ తరువాత జయానందం తలుపులూ కిటికీలూ మూసింది లేదు. ఎవరడిగినా, పియానో ఎలా ఉన్నా, కూర్చుని వాయించేవాడు. పరంజ్యోతిని మళ్ళీ రమ్మనలేదు. పక్కనున్న కుర్చీని మాత్రం ఎవరినీ కదపనిచ్చేవాడు కాదు. రోజూ ఆ మెట్టు నొక్కి చెవి ఒగ్గేవాడు, దానికి జలుబు చేసిందేమోనని.

అందుకే, ప్రేమతో అడిగినవాళ్ళకు మన దగ్గర ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఇవాళే ఇచ్చెయ్యాలి; మెరుగులు దిద్దుకుంటూ కూర్చుంటే చివరికి మెరుగులే మిగులుతాయి, అడిగినవాళ్ళు మిగలరు.